మూడో రూలు

దొరల్లారా, యుద్ధంలో ఓడిన మా దేశం మీద జరిమానా వేసింది మీరు. ముప్పై తొమ్మిదేళ్ళ వాయిదాలు రాయించుకున్నది మీరు. ఇప్పుడు వెనక్కిస్తున్నామంటూ, ఎలా ఖర్చుపెట్టాలో రూల్సూ మీరే రాస్తున్నారు. ఆ రూల్స్ సందుల్లోంచే దొంగలు దూరారు.

నాన్‌కింగ్. ఉదయం తొమ్మిదిన్నర. రహస్య శాఖ చీఫ్ గొంతు తగ్గించాడు.

"రువాన్, వెనక్కొచ్చే జరిమానా డబ్బు రూల్స్ మీద పదింటికి బోర్డు ముద్ర పడుతుంది. మూడో రూల్లో 'హ్వాయ్ నది గట్టుకు' అని ఉండాలి. 'గట్టు రక్షణ ఆయుధాలకు' అయింది. విదేశీ ఆయుధాల ముఠా పని."

"ఆపించొచ్చుగా సర్."

"రుజువేదీ? అసలు కాగితం మాయమైంది. ముద్ర పడ్డాక మార్చాలంటే సముద్రం దాటి దొరల పార్లమెంటుకెళ్ళాలి."

ఏజెంట్ రువాన్ టీ కెటిల్ అందుకుంది. పోయినేడు ఆ గట్టు తెగే ఆమె ఇద్దరన్నలు కొట్టుకుపోయారు.

తొమ్మిదీ యాభై. టీ పోసే మనిషి వేషంలో రువాన్ బోర్డు గదిలోకి వెళ్ళింది. చైర్మన్ పక్కన సెక్రటరీ మదాం షూ, పట్టు గౌను, చేతిలో గొడుగు. బోర్డు జీతంతో పాటు మా రహస్య శాఖ జీతమూ తీసుకుంటుంది.

"ఇది లియాంగ్ తాత స్వయంగా రాసిన ప్రతి" అంది మదాం.

గోడవార నిలబడ్డాడు ముసలి రాతగాడు లియాంగ్. రువాన్ టీ అందిస్తూ తన కోటు గుండీ తీసి అతని అరచేతిలో పెట్టింది. ఆ గుండీయే భూతద్దం.

"తాతా, ఓసారి చూడు. నీ రాతేనా?"

ముసలాయన బల్ల దగ్గరికొచ్చి కాగితం మీదికి వంగాడు. "రాత నాదే. రాసింది నేను కాదు."

"మతి పోయిందా తాతా?" మదాం నవ్వింది.

"మా నాన్న పేరూ గట్టే, మన లిపిలో ఒకే అక్షరం. తండ్రి పేరున్న అక్షరం పూర్తిగా రాసే అర్హత కొడుక్కెక్కడిది? నలభై ఏళ్ళుగా ఆఖరి గీత వదిలేస్తున్నాను. పాత ఫైళ్ళు తెప్పించండి. ఇక్కడెవడో గీత పెట్టాడు, తండ్రి లేని వెధవ."

చైర్మన్ చేతిలో ముద్ర కాగితానికి అంగుళం ఎత్తులో ఆగింది.

మదాం లేచింది. గొడుగు పిడి తిప్పుతోంది. రువాన్ కెటిల్ ఆ చేతి మీద బోర్లించింది. పిడి ఊడి చిన్న పిస్టలూ, చుట్టిన అసలు కాగితమూ నేలమీద పడ్డాయి.

"వేడెక్కువైందా, మదాం?" అంది రువాన్.

ఆ నెల మదాంకి రెండు జీతాలూ రాలేదు.

అసలు కాగితం మీదే ముద్ర పడింది. కానీ అందులో మూడో రూలు కింద నాలుగోది చదవండి: గట్టు సామాను సగం దొరల దేశంలోనే కొనాలట. రాళ్ళు మా కొండల్లో ఉన్నాయి, మోసే చేతులు మా ఊళ్ళలో ఉన్నాయి. ఆ రూలు కొట్టేయండి. వానలు రాకముందే, ఈ వారమే.