మరిగే నీళ్లకు రుజువు

ఆదివారం ఉదయం. రోమ్‌లోని తన ఇంటి వంటగదిలో ఫుల్వియో జున్ను తురుముతున్నాడు. భౌతికశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. చేతికి పని లేకపోతే నోటికి పని చెబుతాడని భార్య ఇవానా ఆదివారాలు ఏదో ఒకటి అప్పజెబుతుంది. కూతురు ఒర్నెల్లా భోజనానికి వచ్చింది. మిలాన్‌లో ఆయన స్నేహితుడు తన ప్రయోగశాలలో ఆమె కోసం ఉద్యోగం అట్టేపెట్టాడు. వస్తుందో రాదో ఈరోజే చెప్పాలి. వెళితే, డాక్టరేటు కోసం క్షేత్ర సిద్ధాంతాన్నీ అణువుల గుంపుల లెక్కల్నీ గణితపు కచ్చితత్వంతో నేర్చుకుంటూ ఆమె గడిపిన నాలుగేళ్లూ అటకెక్కినట్టే.

"నీళ్లు మరుగుతున్నాయి," అన్నాడు ఫుల్వియో గిన్నెలోకి తొంగిచూసి. "నీ రుజువు కోసం ఆగలేదే, పాపం!"

"అణువుల లెక్కతో మొదలుపెట్టి, నీళ్లు మరుగుతాయని ఇంకా ఎవరూ రుజువు చెయ్యలేదు నాన్నా."

"అందరికీ తెలిసినదాన్ని నిరూపించడానికి జీవితం ధారపోస్తావా? నీ వయసుకి నాకు పేరొచ్చేసింది."

పేరు నిజమే. చల్లబడే అయస్కాంతాల మీద ఆయన రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ తరగతుల్లో చెబుతారు. ఆ సంగతి ఇంట్లో ఎవరినీ మరిచిపోనివ్వడు.

"నేనేం నిరూపిస్తున్నానో ఒక్కసారైనా అడిగావా?" ఒర్నెల్లా గొంతు పెరిగింది.

"సరే, అడుగుతున్నా. ఏమిటి?"

"నీ వ్యాసమే."

తురుముతున్న చెయ్యి ఆగింది.

"అందులో ఒకదాని తర్వాత ఒకటి తీసుకోవలసిన రెండు అవధులున్నాయి. ముందు అయస్కాంతాన్ని అంతులేకుండా పెంచాలి, తర్వాతే చల్లబరచాలి. నువ్వు ముందే చల్లబరిచేశావు. ఏది ముందైనా ఒకటేలే అనుకున్నావు. కాదు. ఆ మెట్టు నిలవదు."

ఫుల్వియో ముఖం జేవురించింది. "అంటే ఇన్నాళ్లూ దాన్ని చదివినవాళ్లంతా గుడ్డివాళ్లా? నా తప్పులు వెతకడానికేనా నిన్ను చదివించింది?"

"కాస్త నోరు మూసుకో ఫుల్వియో, దాన్ని చెప్పనీ!" అని కసిరింది ఇవానా.

"ఫలితం నిజమే నాన్నా. దారే తప్పు." ఒర్నెల్లా కళ్లు తుడుచుకుంది. "ఆ తప్పు నాకు రెండో ఏడాదే కనిపించింది. అదొక్కటే రాసిచ్చేస్తే అప్పుడే పట్టా చేతికొచ్చేది. నీ పరువు పోయేది. మనసొప్పలేదు. వేరే దారి వెతికాను. దాదాపు దొరికింది, ఒక్క మెట్టు మిగిలింది. దాన్ని వదిలేసి మిలాన్ ఎలా వెళ్లమంటావు?"

ఇవానా పొయ్యి ఆపేసింది. ఫుల్వియో పేరు నిలబెట్టడానికి పిల్ల ఇన్నాళ్లు కూర్చుంటే, ఆయన ప్రతి ఆదివారం భోజనాల దగ్గర దాన్ని ఆటపట్టించాడు. ఫుల్వియోకు సిగ్గేసింది, కళ్లు చెమర్చాయి. దాచుకోవాలని కూడా తోచలేదు.

"మిలాన్‌కు నేనే చెబుతాలే, రావని," అన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చి, కూతురి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మొదటినుంచి చెప్పు. నాకీ గణితం రాదు." గొంతు సవరించుకున్నాడు. "అర్థం కాక మళ్లీ మళ్లీ అడుగుతాను. నాలా మాత్రం విసుక్కోకమ్మా."