బొప్పాయి ముద్దలో ఫిల్మ్

భార్య హేమావతి చనిపోయిన రోజు గూఢచారి డిపార్ట్‌మెంట్ సీతాపతికి సెలవు ఇవ్వలేదు. పదకొండో రోజున మాత్రం కొత్త అసైన్‌మెంట్ ఇచ్చింది.

1979 ఏప్రిల్. పుదుచ్చేరి, ఒర్లియంపేటలోని అద్దె గదిలో చీఫ్ భక్తవత్సలం రెండు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించాడు.

“నేవీ రాడార్ డ్రాయింగ్స్. నెగటివ్ ఒక్కటే కాపీ, మార్సెల్ అనే విదేశీ ఏజెంట్ సిగరెట్ లైటర్లో ఉంది. రేపు నాలుగింటికి ఓడెక్కుతాడు. ఫిల్మ్ చెక్కుచెదరకుండా కావాలి. చివరి ఫ్రేములో డ్రాయింగ్స్ అమ్మినవాడి ముఖం ఉంది. ఆ నేరానికి డ్రాఫ్ట్స్‌మన్ చెల్లప్పన్ జైల్లో ఉన్నాడు. అమాయకుడు.”

“నా కవర్?”

“మార్సెల్ ఇంట్లో వంటవాడు. అక్కడ మరగతం మన మనిషి. కోడ్‌వర్డ్: ‘ఉప్పు చాలా?’”

మర్నాడు పొద్దున ముత్తియాల్‌పేట బంగళాలో, మార్సెల్ స్నానానికి వెళ్లగానే సీతాపతి లైటర్ విప్పి ఫిల్మ్ తీశాడు. గేటు దగ్గర కాపలావాళ్లు చొక్కా విప్పించి మరీ వెతుకుతారు. పొయ్యి పక్కన మాంసం గిన్నె ఉంది. పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి నానబెట్టింది అతనే; ముదురు మాంసానికి హేమావతి అలాగే చేసేది. మాంసం ఎందుకు మెత్తబడుతుందో అతను ఏనాడూ అడగలేదు. ఫిల్మ్‌ను అడుగుకు తోశాడు.

సెంటు వాసన. పట్టుచీరలో మరగతం.

“ఉప్పు చాలా అన్నా?”

“పులుపే తక్కువ.”

“వదినె పోయిందంట గదా. వేళకు తింటా ఉండావా?”

పన్నెండు రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి. “యాడ పెట్టినావు?” అని ఆమె అడగ్గానే చెప్పేశాడు.

మూడున్నరకు మార్సెల్ పిస్తోలుతో వచ్చాడు. వెనకే మరగతం.

“కోపం వద్దన్నా. నాకు రెండు పక్కలా ఉద్యోగమే.”

మార్సెల్ ఫిల్మ్ బయటికి లాగి, కుళాయి కింద కడిగి, కిటికీకి పట్టాడు. ఒక్క గీత లేదు. గాజు ముక్కలా ఉంది.

“ఏం చేసినావన్నా దీన్ని?” మరగతం నోరు తెరిచింది. సీతాపతి నోరు అంతకుముందే తెరుచుకుంది. ఓడ కూత వినబడింది. ఫిల్మ్ నేలకు కొట్టి మార్సెల్, మరగతం రేవుకు పరుగెత్తారు.

డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో డాక్టర్ వేదవల్లి విప్పి చెప్పింది. “ఫిల్మ్ మీద బొమ్మను పట్టి ఉంచేది జిలాటిన్. అదీ మాంసంలాగే ప్రోటీన్. బొప్పాయి పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉంది. తాళానికి చెవి కుదిరినట్టు ప్రోటీన్ గొలుసుకు కుదురుతుంది, తుంచుతుంది. తను మాత్రం అరగదు, ఇంకో గొలుసు పట్టుకుంటుంది. వెచ్చదనంలో మరీ చురుకు. ఆ ముద్దను ముందే ఉడికించి చల్లార్చి ఉంటే ఎంజైమ్ పనిచేసేది కాదు. బొమ్మలు మిగిలేవి.”

“భేష్!” అన్నాడు చీఫ్. “డ్రాయింగ్స్ దేశం దాటలేదు. కావాలనే చేశావు కదూ?”

సీతాపతి తల దించుకున్నాడు. వినయం అనుకున్నారు. మెడల్ ఇచ్చారు.

వారం తర్వాత చెల్లప్పన్ భార్య తాయారు సీతాపతి గుమ్మంలో నిలబడింది.

“అన్నా, అసలు దొంగ మొగం ఫిల్మ్‌లో ఉండాదంట గదా. అది యాడుందన్నా?”

“సీక్రెట్, అమ్మా.”

తలుపు వేసేశాడు. చాలాసేపటికి గాని ఆమె చెప్పుల చప్పుడు వినబడలేదు.

రహస్యం దాచడంలో దిట్ట అని డిపార్ట్‌మెంట్ అతని రికార్డులో రాసుకుంది. ఆ ఫిల్మ్ సంగతి అతను మళ్లీ ఎత్తలేదు. ఎత్తడు.