నాగాయలంక గట్టు మీద తూనీగ

“తూనీగ వాళ్ళ చేతికి చిక్కకూడదు. చిక్కేట్టుంటే తగలబెట్టెయ్. ఓవర్!”

మచిలీపట్నం లాడ్జిలో ఫోన్ పెట్టేసి ఏజెంట్ ఈశ్వరప్రసాద్ పళ్ళు కొరికాడు. తగలబెట్టాలట! ఢిల్లీలో ఏసీ కింద కూర్చున్న చీఫ్‌కి చెప్పడానికేం, నోరేగా.

తూనీగ అంటే బుల్లి సరుకుల విమానం. రన్‌వే అక్కర్లేదు, రెండొందల మీటర్ల మట్టిగట్టు చాలు. డిజైన్ చేసిన గోవర్ధనరావుది పెదపారుపూడి. రెక్కలు గుడివాడలో ఒక షెడ్డులో బిగించుకున్నాడు. పదకొండేళ్ళుగా ఆయన ఫైలు ఢిల్లీలో పరిశీలనలో ఉంది. ఈలోగా ఓ విదేశీ ముఠా పరిశీలన ముగించి, విమానాన్ని కాజెయ్యడానికి మనుషుల్ని కూడా దింపేసింది.

పదిన్నరకి ఈశ్వరప్రసాద్ నాగాయలంక రొయ్యల చెరువుల దగ్గరున్నాడు. వేషం: నీళ్ళు పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్. కిట్‌లో ఉన్న మీటర్ నిజానికి ట్రాన్స్‌మిటర్. పక్కనున్న సీసాలో మందు రెండు నిమిషాల్లో విమానాన్ని బూడిద చేస్తుంది.

చెరువు గట్టు మీద తూనీగ నిలబడి ఉంది. గోవర్ధనరావు కండువాతో దాని రెక్క తుడుస్తున్నాడు.

“మావయ్యగారూ, ఇది ఇక్కడ నిజంగా దిగుతుందా?”

“దిగుతుందా అంటారేంటి బాబూ! తుఫానొస్తే ఎదురుమొండి దీవికి పంటు పడవ ఆగిపోద్ది. అప్పుడు టన్ను బియ్యం, మందులు దింపేసి వచ్చేస్తుందండీ. అదొక్కటీ చూస్తే నాకు చాలు.”

అంతలో శ్రీలేఖ వచ్చింది. నల్లకళ్ళద్దాలు, షిఫాన్ చీర, మట్టిలో దిగబడుతున్న హీల్స్. ముసలాయన దృష్టిలో ఇన్వెస్టర్ ప్రతినిధి, ముఠా దృష్టిలో వాళ్ళ మనిషి, జీతం ఢిల్లీ నుంచి కూడా.

“రొయ్యకి మేత సరిపోతోందా?” అన్నాడు ఈశ్వరప్రసాద్.

“పౌర్ణమికి తగ్గించాం.”

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. “పైలట్ వాళ్ళవాడు. పిస్టల్ ఉంది. పదకొండింటికి టెస్ట్ ఫ్లైట్. లోపల మేత బస్తాల కింద ఎక్స్‌ట్రా ఇంధనం. లేచాడంటే సముద్రం మీదుగా అటే పోతాడు.”

“ఈయనెలా నమ్మాడు?”

“దొంగలే కావచ్చు. కానీ ఆయన రాసిన నాలుగొందల పేజీలూ చదివారు. మనవాళ్ళు అట్ట కూడా తిప్పలేదు.”

ఆ మాట ఈశ్వరప్రసాద్‌కి చురుక్కుమంది.

టైమ్ పది యాభై రెండు. పైలట్ అప్పటికే కాక్‌పిట్‌లో ఉన్నాడు. ఈశ్వరప్రసాద్ సీసా మూత మీద చెయ్యి వేశాడు. ముసలాయన ఇంకా తుడుస్తూనే ఉన్నాడు, ఏం పాడు ఉద్యోగమిది! చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పక్క చెరువులో పెద్దింట్లమ్మ అనే కూలీ పిట్టల తాళ్ళు కడుతోంది. కొంగలు రొయ్యల్ని ఎత్తుకుపోకుండా చెరువు మీద కర్ర నుంచి కర్రకి లాగే సన్నటి నైలాన్ తాళ్ళవి. పది అడుగుల దూరం నుంచి చూస్తే కంటికి ఆనవు.

“అమ్మా, గట్టు చివర అడ్డంగా కట్టగలవా? ఐదు నిమిషాల్లో?”

“గట్టు మీద పిట్టలేంటి బాబూ?”

“ఒకటుంది. పెద్దది.”

ఆమె విమానం వైపు చూసింది. “దానికి తాళ్ళాగవు. పాత వల కూడా వేస్తానుండు.”

పదకొండు. ఇంజన్ గర్జించింది. తూనీగ దూసుకొచ్చింది, ముందు చక్రం నేలని వదిలింది. సరిగ్గా అప్పుడే ప్రొపెల్లర్ తాళ్ళనీ వలనీ చుట్టుకుని ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. విమానం పక్కకి ఒరిగి, ఒక చక్రం చెరువులోకి వేలాడేసుకుని నిలిచింది. దూకిన పైలట్ మోకాలిదాకా బురదలో కూరుకుపోయాడు. తలెత్తేసరికి ఈశ్వరప్రసాద్ పిస్టల్ ఎదురుగా ఉంది.

“బతికిందిరా బాబూ, బతికింది!” ముసలాయన భోరున ఏడ్చాడు.

పోలీసులొచ్చారు. పంచనామా రాశారు. తూనీగని కేసు ప్రాపర్టీ అన్నారు, రెండు ట్రాక్టర్లు కట్టి స్టేషన్‌కి ఈడ్చుకుపోయారు.

ఏడు నెలల్లో తొమ్మిది వాయిదాలు. మధ్యలో తుఫాను వచ్చింది, పంటు నాలుగు రోజులు ఆగింది. ఎదురుమొండిలో జనం గంజి తాగి గడిపారు. తూనీగ స్టేషన్లో, పట్టుబడ్డ ఇసుక లారీల మధ్యే ఉంది. దాని రెక్క మీద కానిస్టేబుళ్ళు బట్టలు ఆరేసుకుంటున్నారు. గోవర్ధనరావు రోజూ వచ్చి, గేటు బయట నిలబడి చూసి వెళ్తున్నాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్! నీకు మెడల్ సిఫార్సు చేశాను. ఇంకేం కావాలో అడుగు.”

“ఆ ముఠా ఫోన్ నంబరుంటే ఇప్పించండి సార్. ఆ విమానాన్ని స్టేషన్లోంచి బయటికి తేవడం ఇక వాళ్ళ వల్లే అవుతుంది.”