టేబుల్ తెరవకుండా చేసిన సంతకం

"ఈ పైపులో పోయేది ఆవిరా, చన్నీళ్ళా?"

కొత్తగా చేరిన పైపింగ్ డిజైనర్ తలెత్తాడు. అతని లెక్కల కాగితం, ఎర్రపెన్ను పట్టుకుని చెకర్ నిలబడి ఉంది. ఆఫీసులో ఎవరి లెక్కయినా ఆ అమ్మాయి సంతకం పడితేనే బయటికి వెళుతుంది.

"ఆవిరేనండి."

"మరి చల్లటి ఉక్కు విలువ తీసుకున్నారేం? వేడెక్కితే ఉక్కు మెత్తబడుతుంది. ఏ ఉక్కుకి, ఎంత వేడిలో, ఎంత ఒత్తిడి వరకు అనుమతో కోడ్ పుస్తకంలో టేబుల్ ఉంది కదా. ఆ గడి చూడాలి."

"మీరలా చూస్తుంటే నేనూ మెత్తబడుతున్నానండీ, ఎర్రపెన్ను గారూ."

నవ్వు దాచుకోవడానికి ఆమె కిటికీ అవతల వానకేసి తిరిగింది.

ఆమెకు ప్రతి లెక్కకీ గుండె దడే. పైపు పగిలితే పక్కన ఏ తల్లి కన్నబిడ్డ నిలబడి ఉంటాడోనని మళ్ళీ మళ్ళీ టేబుల్ తెరిచేది. అలాంటి మనిషి, వానలు వెలిసేలోపే అతన్ని 'నువ్వు' అనేదాకా వచ్చింది.

ఒక సాయంత్రం అతను ఇంకో కాగితం ముందు పెట్టాడు.

"సంతకం పడేస్తే కాఫీకి పోదాం. ఈసారి వేడి గడే చూశాను."

"నిజంగా?"

"నామీద నమ్మకం లేదా?"

ఆమె టేబుల్ తెరవలేదు. సంతకం చేసేసింది.

వేడి సరిగ్గానే చూశాడు, పాపం. చూసింది మాత్రం పక్క వరుసలోని వేరే రకం, ఇంకా గట్టి ఉక్కుది. ఆ లెక్కతో చేయించిన పైపులు వచ్చాక మందం చాలదని ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నాడు. అన్నీ తిప్పి పంపారు.

పెద్దసారు ఇద్దర్నీ పిలిచాడు. "ఇది నువ్వు చూశావా అమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "ఆవిడ చూసినప్పుడు సరిగ్గానే ఉంది సార్. తర్వాత నేనే మార్చాను."

పచ్చి అబద్ధం. ఉద్యోగం పోతే నాన్న మందులెలా, చెల్లి చదువేం కాను అనుకుని ఆమె ఆ అబద్ధాన్ని అలాగే ఉండనిచ్చింది. ఉద్యోగం పోయి, అతను ఆ పూటే సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆమెకు తిన్నది ఒంటబట్టలేదు. చివరికి పెద్దసారు దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ఆమెను సంతకాల పని నుంచి తప్పించాడు. బయటికొచ్చి అతనికి ఫోన్ చేసింది.

"చెప్పేశాను."

"ఎందుకు చెప్పావు, పిచ్చిదానా? నాతో పోయేది కదా."

"ఆ రోజు భయమేసింది."

"నాకూ వేసింది. ఒక్క మాటైనా అంటావేమోనని తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను."

ఆమె చేత్తో నోరు మూసుకుంది.

"ఏడుపు వినిపిస్తోందిలే."

"నేనొస్తే కలుస్తావా?"

"రా. మునుపటిలా నవ్విస్తాననుకోకు. కొన్నాళ్ళు కోపంగానే ఉంటాను."

"ఎన్నాళ్ళయినా ఉండు," అంది, అప్పటికే మెట్లు దిగుతూ.