వన్నెపట్టీ

2091లో విశాఖ తేలువాడలో మనుషులు ఎదురుపడితే ముఖం చూసుకోరు, ముందు నడుము చూసుకుంటారు. సముద్రం మీద తేలే ఆ పేటలో ఇంటికొకరు జియుజిత్సు కుస్తీ పట్టేవాళ్లే. తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు... మెట్టుకో రంగు, ఎవడి నడుంపట్టీ రంగు వాడి పరువు.

ఒకప్పుడు ఆ పట్టీ గురువు కట్టేవాడు. కులం చూసి కట్టేవాడు, చుట్టరికం చూసి కట్టేవాడు. ఆ పీడ డాక్టర్ కౌముది వదిలించింది. ఆమె నేసిన వన్నెపట్టీలో నాడీగ్రాహకాలుంటాయి, అంటే వెంట్రుకకన్నా సన్నని సెన్సర్లు. ఊపిరి, కండల బిగువు, మెదడు పంపే సంకేతం చదివి రంగు అదే మార్చుకుంటుంది. దేన్నిబట్టి మారుతుందో మాత్రం కౌముది చెప్పలేదు. గెలుపును బట్టేనని జనం తేల్చేసుకున్నారు. ఇంకేముంది! బలవంతుడు కనబడితే మోకాలి నొప్పి, బక్కవాడు కనబడితే పూనకం.

నూకరత్నం ఏళ్ల తరబడి ఊదా దగ్గరే ఆగిపోయింది. గోధుమ పట్టీ వస్తేగాని పేట పిల్లలకు నేర్పే అర్హత రాదు. ఆమెకు కావలసింది అదొక్కటే. అందుకే ఎదుటివాళ్ల పట్టులో ఊపిరాడకపోయినా, ఓడానని మ్యాట్ మీద తట్టేది కాదు. గింజుకుని బయటపడేది.

ఆ ఉదయం సాధన హాల్లో నూకరత్నానికి సన్యాసమ్మతో జోడీ పడింది. మనవలెత్తిన మనిషి, కొత్తగా చేరిన తెల్లపట్టీ.

"ఇది పట్టా, కౌగిలా పిన్నీ?" వెక్కిరించింది నూకరత్నం.

"కౌగిలే అనుకోవే. ఊపిరాడతందేటి?"

ఆడటం లేదు. ముసలామె కోక కుచ్చెళ్లు బిగించినంత సులువుగా నూకరత్నం అంగీ కాలర్ ఆమె గొంతుకే బిగించేసింది. ఎవరూ నేర్పని పట్టు. గింజుకోబోయి నూకరత్నం ఆగింది. ఇదెలా పడిందీ? నవ్వు తన్నుకొచ్చింది. టపటపా మ్యాట్ మీద తట్టేసింది.

"మళ్లీ పట్టవే పిన్నీ! ఎలాగ పట్టేవో సూపించు!"

నూకరత్నం పట్టీ గోధుమరంగుకు తిరిగింది. హాలంతా నోరెళ్లబెట్టింది.

"ఓడిపోతే రంగొచ్చిందేటి డాక్టరమ్మా?" గోడవారన నిలబడి చూస్తున్న కౌముదిని అడిగింది నూకరత్నం.

"గెలుపూ ఓటమీ దానికి తెలీవు రత్నం. నేర్చుకోవాలన్న ఆశ మెదడులో ఎగిసినప్పుడే రంగెక్కుతుంది," అంది కౌముది.

"మరిన్నాళ్లూ సెప్పలేదేటి?"

"చెబితే వీళ్లేం చేస్తారో నాకు తెలుసు."

చేశారు. మర్నాడు సన్యాసమ్మ ముందు జనం బారులు తీరారు. ఆమె చెయ్యి ఎత్తకముందే "అబ్బ, ఏం పట్టు!" అంటూ తట్టేస్తున్నారు. నల్లపట్టీ గురువు అప్పన్నయితే దూరం నుంచే తట్టేశాడు.

"ఓర్నాయనో, నాను ముట్టుకోనేదురా!" అంది సన్యాసమ్మ.

దొంగ ఓటమికి పట్టీలు వెలవెలబోయాయి. మధ్యాహ్నానికి అలా తట్టినవాళ్లందరి నడుమూ తెలుపే. అప్పన్నదీ తెలుపే. చావుకబురు విన్నట్టు అందరూ నడుములు తడుముకున్నారు.

నూకరత్నం తన గోధుమ పట్టీ విప్పి మేకుకు తగిలించింది. "ఇంక పోడానికేటుందర్రా? రండి!"

నిజమే, ఏముంది? మోకాలి నొప్పులు మాయమైపోయాయి. అప్పన్న ఎన్నో ఏళ్ల తర్వాత మ్యాట్ మీద పడి పొర్లాడు, ఓడాడు, "ఇంకోసారి!" అని కేకేశాడు. గోల విని పరుగెత్తుకొచ్చిన పేట పిల్లలు నూకరత్నం వీపెక్కేశారు. ఆమె నేర్పుతూనే ఉంది, నవ్వుతూనే ఉంది.

సాయంత్రానికి పట్టీలు ఒక్కొక్కటే నీలానికి తిరిగాయి. చూసుకున్నవాడు లేడు.