ఆరో రేవులో అందిన చెయ్యి

వదినకి అనుమానం ఎక్కువ. కుట్టు దుకాణంలో పని ఆమెది. యజమాని కొలిచి ఇచ్చిన బట్టనైనా తను మళ్ళీ కొలిచిగాని కత్తెర పెట్టదు. నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చిన మరదలు, ఊరంతా పడవలో తిరిగి చూద్దామంటే, "అవి ఎప్పుడు బాగుచేయించినవో ఏమో" అని ముందు మొహం ముడిచింది. చివరికి, "మీ చెల్లెల్ని ఎలా తీసుకెళ్తున్నానో అలాగే తెచ్చి అప్పజెప్తాను" అని భర్తకి మాటిచ్చి బయల్దేరింది.

ఊరి పడవ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వంకర్లు తిరుగుతూ తొమ్మిది రేవుల్లో ఆగుతుంది. డీజిల్ వాసన, తడిసిన తాళ్ళ వాసన. మరదలు కటకటాలు పట్టుకుని అన్నీ చూపిస్తోంది. నీళ్ళలోకి దిగే మెట్లు, మేడల మీద ఆరేసిన దుప్పట్లు, నాచు పట్టిన గోదాము గోడలు. వదిన మాత్రం మనుషుల్ని చూస్తోంది.

ఆరో రేవు మూతపడి ఉంది. మెట్ల పైన తలుపుకి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. అయినా పడవ ఆగింది. ప్రతి రేవులో తాడు విసిరి, ఎక్కేవాళ్ళకి చెయ్యి అందించే పడవ మనిషి ఇక్కడ తాడు వెయ్యలేదు. గేటు గొలుసు తీసి, చేతులు వెనక్కి కట్టుకుని, మొహం పక్కకి తిప్పుకున్నాడు. పడవలో అందరూ సంచుల్లో ఏదో వెతుక్కోసాగారు. కాసేపాగి అతను గొలుసు మళ్ళీ తగిలించాడు.

"ఎవరూ లేని చోట ఆపారేం?" వదిన నిలదీసింది.

"ఆపకపోతే ఇంజను మొరాయిస్తుందమ్మా. ఎక్కేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఎక్కుతారు, వాళ్ళంతట వాళ్ళే దిగుతారు. మనం చెయ్యి ఇవ్వకపోతే చాలు."

వదిన మరదలి చెవిలో గొణిగింది. "దొంగసరుకేదో దింపుతున్నారు. మనకి కాకమ్మ కథలు చెబుతున్నాడు."

"నువ్వు పోలీసుల్లో చేరాల్సింది వదినా" అని మరదలు నవ్వింది.

చివరి రేవు దాకా వెళ్ళి వెనక్కి బయల్దేరేసరికి పొద్దు వాలింది. నది మీద మంచు దిగింది. ఒడ్డు కనిపించడం మానేసింది. పడవలో పట్టుమని పదిమంది లేరు. ఆరో రేవు రాగానే వదిన పడవ వెనక భాగానికి వెళ్ళి, సరుకు ఎటునుంచి దింపుతారోనని కాపు కాసింది. అందుకే మరదల్ని గమనించలేదు.

మరదలు ఆసుపత్రిలో నర్సు. తడబడే మనిషి కనిపిస్తే చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళిపోతుంది.

"మెల్లగా... నన్ను పట్టుకోండి పెద్దమ్మా."

వదిన గిరుక్కున తిరిగింది. గేటు దగ్గర మరదలు ఒక్కతే. ఎదురుగా ఖాళీ మెట్లు. చాచిన చెయ్యి పిడికిలి బిగుసుకుని, ఏదో బరువుకి కిందకి వంగి ఉంది.

"ఇచ్చేశారా..." అన్నాడు పడవ మనిషి. గబగబా గొలుసు తగిలించాడు. పడవ కదిలింది.

"ఈవిడ చెయ్యి ఎంత చల్లగా ఉందో వదినా."

"ఎవరే?"

"ఈవిడే."

నది మధ్యకి వచ్చారు. ఎక్కడినుంచో పాత బురద వాసన. మరదలు గేటు వైపు ఒక అడుగు వేసింది.

"దిగుతుందట. తోడు రమ్మంటోంది."

"ఎక్కడ దిగుతుంది? చుట్టూ నీళ్ళేగా..."

"ఇక్కడే అంటోంది."

ఇంకో అడుగు. వదిన ఆమె నడుము చుట్టూ చేతులేసి లాగింది. కదల్లేదు. మరదలి పెదాలు నల్లబడుతున్నాయి.

"ఇంకో చెయ్యి దొరికితేగాని వదలదమ్మా" అన్నాడు పడవ మనిషి. అతని చేతులు వెనకే ఉన్నాయి.

ఇతని మాట నమ్మొచ్చా? అంత భయంలోనూ వదినకి అనుమానమే. మరదలి కాలు గొలుసు కిందనుంచి బయటికి జారింది. వదిన, మరదలి పిడికిలి పక్కన, గాలిలోకి, తన ఎడమ చెయ్యి చాచింది.

"నాది పట్టుకో. పిల్లని వదిలెయ్."

మరదలి వేళ్ళు విడిపోయాయి. తడి వేళ్ళు... ఒక్కొక్కటిగా... వదిన వేళ్ళ సందుల్లోకి దూరాయి.

"లాగుతోందా అమ్మా?"

"లేదు... ఊరికే పట్టుకుని ఉంది."

పడవ మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. మళ్ళీ ఆమె వైపు చూడలేదు.

రేవులో దిగినా ఆ చెయ్యి వదల్లేదు. మరదలికి ఒంట్లో వేడి వచ్చింది గానీ, జరిగింది సగమే గుర్తుంది. సన్నటి సందులో నడుస్తూ, "గోడకి రాసుకుపోతున్నావేం వదినా? ఎవరికి దారి ఇస్తున్నావు?" అంది. వదిన నడక వేగం పెంచింది. మాటిచ్చినట్టు పిల్లని ఇంటికి చేరిస్తే చాలు. తన సంగతి తర్వాత చూసుకోవచ్చు.

భర్త తలుపు తీశాడు. చెల్లెల్ని చూసి నవ్వాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అతను మాత్రం వదిన ఎడమ పక్కకి చూస్తూ గుమ్మంలోంచి ముందుకి వంగాడు.

"మెట్టు ఎత్తుగా ఉంది పెద్దమ్మా. చెయ్యి ఇలా ఇవ్వండి."

వదిన వద్దని అరవబోయింది. అప్పటికే ఆమె చెయ్యి ఖాళీ అయింది.