మూడో రాయి

మా ఊరి కోటదిబ్బ కందకం దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నవాడు లేడు.

మా తాతల తాతల కాలంలో సముద్రం దాటి నార్మన్ దొరలొచ్చి, మావాళ్ళ చేత వెట్టికి మన్ను మోయించి ఆ దిబ్బ లేపారట. మట్టి విరిగిపడి పంతొమ్మిది మంది అందులోనే ఉండిపోయారట. దిబ్బ మీద చెక్కకోట పోయి దొరగారి రాతిమేడ వచ్చింది గానీ, కందకంలో మూలుగు పోలేదు.

అది వినిపిస్తే మూడు రాళ్ళు విసరాలి — మీ మన్నుమోత అయిపోయింది, ఇళ్ళకు పొండి అని. ఇంకొకటి, అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు... పిలిస్తే ఆ పేరుగలవాణ్ణి వాళ్ళు ఉంచేసుకుంటారు.

చలికాలం మొదట్లో వచ్చే మార్టిన్ పండుగ ముందురోజు హవీస్ మొగుడు ఆస్బర్ట్ దొరగారి కంచె వెట్టికి వెళ్ళాడు. రాత్రయినా రాలేదు. బఠానీ జావ రెండుసార్లు వేడిచేసి, ఇక ఉండబట్టలేక, లాంతరు పట్టుకుని ఆమె మేడ దాకా వెళ్ళింది.

తలుపు కాసే ముసలి వల్ఫ్రిక్ తల మాత్రం బయటపెట్టాడు. "పొద్దు వాలగానే పోయాడు కదమ్మా. దొరగారి బీరు నాలుగు గిన్నెలు పట్టించాడు. ఏ గడ్డివాములోనో రాజులా పడుకునుంటాడు."

"ఇంటికి రానీ తాతా, కిరీటం నేను దింపుతా."

తిరుగుదారిలో, కందకం మీది వంతెన దాటేసరికి మంచు కమ్మింది. లాంతరు వెలుగు ఆమె పాదాల దాకానే.

అప్పుడు వినిపించింది. కిందనుంచి... మూలుగు.

మొగుణ్ణి కేకేయబోయింది — పేరు గొంతులోనే మింగేసింది. వాళ్ళు వింటే?

వంగి, చేతికందిన రాయి విసిరింది. మూలుగు ఆగలేదు. పైకి పాకుతున్నట్టు, దగ్గరైంది.

రెండోది. మెత్తగా దేనికో తగిలిన చప్పుడు. మూలుగులో మాటలాంటిదేదో ఉంది... ఆమె వినదలుచుకోలేదు.

మూడోది పెద్దది. రెండు చేతులా ఎత్తి వేసింది — నా మొగుణ్ణి ఇంటికి పంపండి అని మొక్కుకుంటూ.

అంతే. నిశ్శబ్దం.

తెల్లారి ఆస్బర్ట్ దొరికాడు. వంతెన మీంచి జారి కాలు విరిగినట్టుంది. ఆ కాలితోనే బురదలోంచి ఆరు అడుగులు పైకి పాకాడు. ఇంకో నాలుగు పాకితే దారి. తల పక్కన ఆ పెద్ద రాయి.

అతన్ని ఎత్తుతుంటే, పాత రాళ్ళ కింద ఇంకొకరి బూటు బయటపడింది. పోయిన చలికాలం ఊరొదిలి పారిపోయాడనుకున్న గొర్రెలకాపరిది.

వల్ఫ్రిక్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "మూడో రాయికి అది ఎప్పుడూ ఊరుకుంటుంది," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

ఊరు రాళ్ళు మానలేదు. ఇప్పుడు మూలిగేది ఆస్బర్టే అంటారు, ఇంకాస్త గట్టిగా విసురుతారు.

హవీస్ మాత్రం చీకటి పడగానే లాంతరు లేకుండా కందకంలోకి దిగుతుంది. బురద తడుముతూ, మెల్లగా, పేరు పెట్టి పిలుస్తుంది.

"ఆస్బర్ట్... లేవగలవా?"

ఆ గొంతు విని, పైన దారిన పోయేవాళ్ళు రాయి కోసం వంగుతారు.